తెల్లాయన మీద ‘దా’ అన్నదెవరు

దయ్యాలే ఉంటే ముందు నర్సులకి కనపడాలి. ఒంగోలులో కొన్నాళ్లు, ఆ తర్వాత ఐర్లండ్‌లో ఇన్నేళ్లు నైట్ డ్యూటీలు చేశాను. పోయినవాళ్ల కళ్లు నా చేత్తో మూసి, అదే వార్డు చివర కూర్చుని టీ తాగాను. ఏ నీడా కదల్లేదు. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే కప్పు తీసుకుని లేచిపోయే రకం నేను. అందుకే ఇది రాయడానికి ఇంతకాలం మొహమాటపడ్డాను.

మేముండేది ఎన్నిస్‌లో. నాకు కొండల పిచ్చి అంటించింది విజయ. ఆమెది సిద్దిపేట, షానన్‌లో వైద్య పరికరాలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజినీరు. నాకంటే పదేళ్లు చిన్నది, అక్కా అని పిలుస్తుంది. ఇక్కడి తెలుగువాళ్ల ఉగాది భోజనాల్లో పక్కపక్కన కూర్చున్నాం. నా పులిహోర అయ్యేలోపు, వచ్చే శనివారం కొండకి రావడానికి నన్ను ఒప్పించేసింది.

జనం బారులు తీరే కొండలంటే మా ఇద్దరికీ పడదు. కాఫీ బండీ, కట్టిన మెట్లూ ఉన్న చోటికి అంత దూరం ఎందుకు వెళ్లడం? మాకు కావలసినవి పశ్చిమ తీరాన దారీ తెన్నూ లేనివి. ఐర్లండ్ అంటే అందరూ పచ్చదనం అనుకుంటారు. ఆ కొండల పై సగంలో గడ్డిపోచ ఉండదు. అంతా తెల్లటి పలుగురాయి, ఎండ పడితే కళ్లు చెదిరిపోతాయి. విజయ వాటిని రాళ్ల ఎడారి అంటుంది. కాళ్లతో పాటు చేతులూ వాడితేనే పైకి వెళ్లగలం.

వాటిలో ఒకదాని పేరు ఐరిష్‌లో ఉంది, మా ఇద్దరికీ నోరు తిరగదు. తెల్లగా ఉందని ‘తెల్లోడు’ అని పేరు పెట్టుకున్నాం. రెండేళ్ల క్రితం అక్కడ నా చీలమండ విరిగాక ‘తెల్లాయన’ అయ్యాడు.

నా కాలు విరగడానికి కారణం మన తెలుగే. పైనున్న మనిషి దగ్గర రాయి జారితే కిందున్న మనిషిని హెచ్చరించాలి. మేం ‘రాయి’ అని అరిచేవాళ్లం. ఇక నువ్వు ఎక్కొచ్చు అని చెప్పడానికి ‘రా’ అనేవాళ్లం. ఇద్దరం చదువుకున్నవాళ్లమే, అందులో ఉన్న తిరకాసు మాత్రం తట్టలేదు. ఆ రోజు విజయ ‘రాయి’ అని అరిస్తే మాట చివర గాలికి కొట్టుకుపోయింది. నాకు ‘రా’ అని వినపడింది. బుద్ధిగా రాయికి ఎదురెళ్లాను.

ప్లేటు వేశారు, స్క్రూలు బిగించారు. చదును నేల మీద నడవగలిగితే చాలన్నాడు మా ఫ్యామిలీ డాక్టరు. ఇక్కడే పుట్టి పెరిగిన మా అమ్మాయి, “మామ్, యు ఆర్ గ్రాండ్ యాజ్ యు ఆర్” అంది, ఇలాగే బాగున్నావులే అని. అందరూ నా మంచికే చెప్పారు. కానీ ఎముక అతుక్కున్నాక కూడా ఆస్పత్రి మెట్లు దిగాలంటే రెయిలింగ్ పట్టుకోవాల్సి వచ్చేది. వార్డులో అందరికీ ధైర్యం చెప్పే మనిషిని, మెట్లకి భయపడుతున్నాను. నా మీద నాకే అసహ్యం వేసేది. తెల్లాయన నెత్తి మీద ఒక్కసారి నిలబడితే తప్ప ఆ భయం నన్ను వదలదని తెలుసు. మళ్లీ అక్కడికే వెళ్దామని, ఈసారి వెనక్కి తిరిగితే బూట్లు ఎవరికైనా ఇచ్చేస్తానని విజయకి చెప్పాను.

ఆమె ముందుగా మా మాటలు మార్చింది. రాయి జారితే ‘బండ’. ఎక్కి రమ్మనడానికి ‘దా’. రెండూ వాళ్లింట్లో వాడే మాటలు, ఎంత గాలి వీచినా ఒకటి ఇంకొకటిలా వినపడదు. ఈ ఏర్పాటు మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

పోయిన వేసవిలో ఒక శనివారం బయల్దేరాం. కొండ కింద గేటు దగ్గర గొర్రెలు కాసుకునే పెద్దాయన, ఈ వైపు మనుషులొచ్చి చాలా కాలమైందన్నాడు. మా కారు తప్ప అక్కడ మరో బండి లేదు. మధ్యాహ్నానికి పొగమంచు కమ్ముకుంది. గాలి అసలు లేదు.

శిఖరానికి కాస్త కింద, కొండ నిలువునా చీలినట్టు ఇరుకైన సందు ఒకటి ఉంది. నేను పడింది అక్కడే. విజయ ముందు ఎక్కింది, రెండు నిమిషాల్లో మంచులో కలిసిపోయింది. నేను పక్కనున్న రాతిగోడకి ఆనుకుని ఆగాలి. ఆమె ఎక్కడిదాకా వెళ్లిందో చూద్దామని సందు మధ్యలోకి నాలుగడుగులు వేశాను.

“బండ!”

పైనుంచి ఆడగొంతు, స్పష్టంగా. ఆలోచించలేదు, గోడకి అతుక్కుపోయాను. ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత మా ఇంట్లో మైక్రోవేవ్ అంత రాయి, నేను నిలబడిన చోటే పడి, ముక్కలై కిందికి దొర్లిపోయింది.

నర్సుని కదా, నాడి చూసుకున్నాను, లెక్క అందలేదు. ఇక చాలు, దిగిపోదాం అనుకున్నాను. కిందికి తిరిగాను కూడా. అప్పుడు వినపడింది, ఈసారి మెల్లగా, నడక నేర్చుకునే బిడ్డని పిలిచినట్టు.

“దా.”

ఆ పిలుపులో ఏముందో చెప్పలేను. భయం పోయింది. తిరిగి పైకి చూసి, పట్టు దొరికిన చోటల్లా చెయ్యి వేసుకుంటూ ఎక్కేశాను. విరిగిన కాలు నాకు గుర్తే రాలేదు.

పైన విజయ ముఖం పాలిపోయి కూర్చుని ఉంది.

“ఎందుకు వచ్చినవ్ అక్కా? ఇగ వద్దు, నేనే దిగొద్దామనుకుంటున్న.”

“నువ్వే కదే దా అన్నావు.”

“నేనేడన్న? భయంతోని నోరు గూడ తెర్వలే.”

“మరి బండ అని అరిచిందెవరు?”

“నువ్వు గదా. కిందికెల్లి నీ గొంతే వినొచ్చింది.”

ఆమె చెప్పింది ఇదీ. ఒక పెద్ద రాయిని పట్టుకుని, ఒంటి బరువంతా దాని మీద వెయ్యబోతోంది. కిందనుంచి నేను ‘బండ’ అని అరవడం వినపడింది. కిందున్న మనిషి పైనున్న మనిషికి ఆ మాట చెప్పడమేమిటని ఉలిక్కిపడి చెయ్యి తీసేసింది. ఆమె చెయ్యి తీశాక ఆ రాయి దానంతటది కదిలి ఊడిపోయింది. బరువు వేసి ఉంటే రాయితో పాటు ఆమె కూడా నా మీదికి వచ్చేది. ‘దా’ అన్న మాట మాత్రం ఆమెకి వినపడనే లేదు.

ప్రతిధ్వని అంటారు కొందరు. ప్రతిధ్వని రావాలంటే ముందు ఎవరో ఒకరు అరవాలి కదా.

కాసేపు ఇద్దరం చేతులు పట్టుకుని కూర్చున్నాం. తర్వాత విజయే అంది, “పిలిచినంక పోకుంటే ఎట్లక్కా?” లేచాం. అక్కణ్ణుంచి ఎంతోసేపు పట్టలేదు. చివరి రాయి మీద కాలు పెట్టేసరికి మంచు మా కాళ్ల కిందికి జారిపోయింది. చుట్టూ తెల్లటి కొండలు, అటు పక్క సముద్రం, దాన్నిండా ఎండ. నేను ఒంగోలు దాన్ని కదా, గిత్తలా ఒక్క రంకె వేశాను. ఏడ్చాను, నవ్వాను, ప్లేటు వేసిన కాలి మీద ఒంటికాలితో నిలబడి విజయ చేత ఫొటో తీయించుకున్నాను. ఆమె తెచ్చిన సర్వపిండి అంత రుచిగా ఎప్పుడూ లేదు. వెనకవైపు వాలు మీదుగా దిగాం. రెయిలింగ్ లేని కొండని దిగానని నాకు కారు దగ్గరికొచ్చాకే తట్టింది.

తర్వాత మంచు లేని ఒక రోజున మళ్లీ వెళ్లి, ఆ సందులో పైనుంచీ కిందనుంచీ అరిచి చూశాం. కొండ ఏమీ తిరిగి పలకలేదు.

మా చర్చిలో ఒక ఆంటీ దేవదూత అన్నారు. నేనూ రోజూ ప్రార్థన చేసుకునేదాన్నే, కాదనను. కానీ దేవదూత నాతో మాట్లాడాలంటే ఒంగోలు భాషలో ‘రాయి’ అనాలి గానీ ‘బండ’ అని ఎందుకంటాడు? భయంలో మెదడు శబ్దాలు పుట్టిస్తుందని విజయ ఆఫీసులో ఒకాయన అన్నాడు. రాయి కదలక ముందే ఇద్దరి మెదళ్లూ ఒకే మాట ఎలా పుట్టించాయో ఆయన చెప్పలేదు. నాకూ తెలియదు. అక్కడ ఉన్నది ఎవరైనా సరే, మా మాటలు తెలిసినవాళ్లు. నేను వెనక్కి తిరగడం ఇష్టం లేనివాళ్లు.

బూట్లు నా దగ్గరే ఉన్నాయి. ఇప్పటికీ నెలకో కొండ ఎక్కుతున్నాం. ఒక పద్ధతి మాత్రం కొత్తగా చేరింది. పైనుంచి ‘దా’ అని వినపడగానే కిందున్నవాళ్లం “నువ్వేనా?” అని అడుగుతాం. పైనుంచి “నేనే” అని రావాలి, అప్పుడే కదులుతాం.

ఇప్పటిదాకా ప్రతిసారీ “నేనే” అనే వచ్చింది. ఆ రోజు నేను అడగలేదు. అడిగి ఉంటే ఆ గొంతు ఏమనేదోనని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.