గుండుసూదుల మావయ్య, ఆయన టేపు

మా వీధి చివర కుట్టుమిషను పెట్టుకున్న దర్జీని పిల్లలంతా గుండుసూదుల మావయ్య అంటారు. ఎప్పుడు చూసినా పెదాల మధ్య నాలుగు సూదులుంటాయి. నడుం కొలత ఎంతన్నా, ఒంట్లో ఎలా ఉందన్నా "ఊఁ" అనే సమాధానం. ముప్పై ఏళ్లుగా నా బట్టలు ఆయనే కుడుతున్నాడు. ఇన్నేళ్లలో నేనడిగినవి మూటగడితే గది నిండుతుంది. ఆయన చెప్పినవి జేబులో పట్టేస్తాయి.

అలాంటి మనిషికి రెండేళ్ల కిందట ఒక తోడు దొరికింది. పైవాటాలో అద్దెకున్నవాళ్లు ఖాళీ చేస్తూ ఒక అట్టపెట్టె వదిలేసి పోయారు. అందులో పచ్చటి ఇగ్వానా. నా కంటికది పెద్ద తొండే. తోక కొలతల టేపులా ఉందని ఆయన దానికి టేపు అని పేరు పెట్టి, బట్టలు కత్తిరించే బల్ల కింద చోటిచ్చాడు.

ఈమధ్య దాని కాలు వాచింది. దిక్కులేని పాముల్నీ తాబేళ్లనీ చేరదీసే జూ ఒకటి ఊరవతల ఉంది. ఎండలాంటి దీపాలు లేకపోతే దీని ఎముకలు మెత్తబడిపోతాయని అక్కడి డాక్టరు చెబితే, గుండె రాయి చేసుకుని అప్పజెప్పి వచ్చాడు.

పదో రోజున నా గుమ్మం ముందు నిలబడ్డాడు. నోట్లో సూదుల్లేవు. అది చూసే ఏదో ముంచుకొచ్చిందనుకున్నాను.

"అక్కయ్యా, టేపు వెళ్లినప్పట్నుంచీ ఏమీ ముట్టడం లేదట. ఇవాళా తినకపోతే రేపు పెద్దాసుపత్రికి పంపుతారట. ఆరుగంటల ప్రయాణం, అది తట్టుకోలేదు. కాస్త తోడు రావా?"

నేను కాదంటానా? ఆ జూలో ఏముందో చూడాలని నాకెప్పట్నుంచో ఉంది.

లోపల ఒక్కో గాజు అర మీద ఆ ప్రాణి కథ రాసి ఉంది. ఒక పాము కారు ఇంజన్లో దొరికిందట. ఒక తాబేలు పదేళ్లు ఎవరి స్నానాలగదిలోనో పెరిగిందట. నేను చదువుకుంటూ నిలబడిపోతే, ఈయన చెయ్యి పట్టి లాక్కుపోయాడు.

గదంత అరలో టేపు కొమ్మ మీద వాడిన తోటకూర కాడలా వేలాడుతోంది. ముందు ఆకుల పళ్లెం. దాన్ని చూసుకునే అమ్మాయి, డాక్టరు, ఈయన గాజుకి ముక్కులు ఆనించారు. నాది నాలుగో ముక్కు.

"తినరా నాన్నా, ఒక్క ఆకు. నా బంగారం కదూ!"

ఇలాంటి మాటలు ఆయన నోట నేనెన్నడూ వినలేదు. ఏదో అనుమానం తట్టింది.

"ఏమయ్యా, ఇంట్లోనూ ఇలాగే లాలించేవాడివా?"

"లేదే. పళ్లెం బల్ల కింద పెట్టి నా పని నేను చేసుకునేవాణ్ని."

"దానివైపు చూసేవాడివి కాదా?"

"చూస్తే కుట్టు వంకరపోదూ!"

"మాట్లాడేవాడివీ కాదు?"

"నోట్లో సూదులు..." అంటూ ఆగిపోయాడు.

"ఇదంతా మాకు చెప్పలేదేం బాబాయ్?" అంది అమ్మాయి.

"అదేం తింటుందో అడిగారు, రాసిచ్చాను. నేనేం చేస్తానో ఎవరడిగారమ్మా?"

"ఇంతమంది గుడ్లప్పగించి చూస్తుంటే నాకైనా ముద్ద దిగదు," అన్నాను.

అమ్మాయి ఏప్రన్ జేబు ఒకవైపు ఊడి ఉంది. ఆయన దాన్ని అడిగి తీసుకుని అరలోకి వెళ్లాడు. తలుపు ఓరగా వేసి, టేపుకి వీపు పెట్టి స్టూలు మీద కూర్చున్నాడు. సూదీదారం లేకుండా గడప దాటే మనిషి కాదు. పెదాల మధ్య సూదులు పెట్టుకుని, మమ్మల్ని గోడవైపు తిరగమని సైగ చేసి జేబు కుట్టడం మొదలెట్టాడు.

తిరిగాను. నాకంతకంటే పెద్ద శిక్ష ఉంటుందా? మెడ దానంతటదే వెనక్కి పోతుంటే అమ్మాయి గిల్లింది. "పెద్దమ్మా, వద్దు!"

చాలాసేపటికి కొమ్మ మీద గోళ్లు గీరుకున్నాయి. పళ్లెం కదిలింది. తరవాత కరకరమంది.

"తింటోందా?" గుసగుసగా అడిగాను.

"ఊఁ."

ఆ ఊఁ వణికింది.

ఇప్పుడు వారానికి రెండుసార్లు కుట్టుపని అక్కడికే పట్టుకెళుతున్నాడు. ఆ అమ్మాయి ఏప్రన్ మాత్రం నా దగ్గరికి వచ్చింది. ఆ రోజు జేబు మూతి కూడా కలిపి కుట్టేశాడు మహానుభావుడు! కుట్లు విప్పమని ఆయన్నే అడగొచ్చుగా అంటే, "పాపం, చిన్నబోతాడు పెద్దమ్మా," అంది.