తుప్పుకి గంధం వాసన

మొన్న దసరాకి నేను గంధం తీస్తుంటే మా ఆయన వంటింట్లోకి తొంగిచూసి, "కాస్త గట్టిగా తియ్యి, కారకూడదు" అన్నారు. నాకు నవ్వాగలేదు. ఆ కారడం వెనక మా ఇంట్లో పెద్ద కథే ఉంది.

మా ఆయన షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో లైసెన్సున్న తుపాకుల మరమ్మతు షాపులో మెకానిక్కు. వినడానికి భయంగా ఉంటుంది గానీ, ఇంట్లో బొద్దింక కనబడితే చీపురుతో బయటికి సాగనంపే మనిషాయన. షాపు కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఒక అరబ్బు పెద్దాయన. మా ఆయన్ని "బేటా" అనే పిలుస్తారు. పాతకాలపు రివాల్వర్‌కి నకలుగా ఈ రోజుల్లో తయారుచేసినదొకటి ఆ పెద్దాయనకి ప్రాణం. మామూలు తూటాలు దానికి పనికిరావు. ముందు నుంచి నల్లమందూ గుండూ దట్టించి, వెనకాల ఒక్కో గదికీ ఉన్న సన్నటి గొట్టం మీద బుల్లి రాగి టోపీ తొడగాలి. సుత్తి దెబ్బకి టోపీ పేలి, ఆ నిప్పు గొట్టంలోంచి మందుకి అంటుకోవాలి. ఇదంతా నాకెలా తెలుసంటారా? పెళ్లయిన దగ్గర్నుంచి మా ఇంట్లో అన్నంతో పాటు వడ్డించుకునేది ఇవే కబుర్లు.

కరోనా సద్దుమణిగాక వచ్చిన శీతాకాలంలో పెద్దాయన కళ్లకి నీటికాసులు, అదే గ్లాకోమా, ముదిరాయి. చూపు నిలవదని డాక్టర్లు చెప్పేశారు. గురి కనబడుతుండగానే ఆ రివాల్వర్‌ని ఇంకొక్కసారి పేల్చాలని ఆయన కోరిక. తీరా తుపాకులు పేల్చే రేంజికి తీసుకెళ్తే టోపీ టప్పుమంది, మందు అంటుకోలేదు. ఇంకో టోపీకీ అదే తంతు. పెద్దాయన విసుక్కోకుండా, వచ్చే వారం చూద్దాంలే అన్నారట. ఆయనకింకా ఎన్ని వారాలు మిగిలాయోనని మా ఆయన సరిగ్గా అన్నం కూడా తినలేదు.

మందు చెమ్మగిల్లిందేమోనని కొత్తది తెప్పించారు. టోపీలు వదులుగా కూర్చున్నాయేమోనని చెక్కపుల్లతో నొక్కి బిగించారు. గొట్టాల్లో పిన్ను పెట్టి పొడిస్తే ఎర్రగా ఏదో అంటుకొచ్చిందట. సముద్రపు గాలి కదా, తుప్పే అని తీర్మానించి నూనె పోశారు. మళ్లీ టప్పు. మళ్లీ నూనె.

సెలవు రోజు బట్టలు మిషన్లో వేస్తూ చొక్కా జేబు తడిమితే ఆ పిన్ను దొరికింది. జేబంతా ఎర్రటి మరక. ఇదేం మరకరా బాబూ అని తిట్టుకుంటూ ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

"ఏవండీ, తుప్పుకి గంధం వాసనొస్తుందా?"

ఆయన వచ్చి చొక్కా వాసన చూసి, "నేను పెట్టిన బొట్టే!" అన్నారు. దసరాకి షాపులో ఆయుధపూజ చేశారు. లేతు మిషనుకీ స్క్రూడ్రైవర్లకీ గంధం మీద కుంకుమ అద్ది తలా ఒక బొట్టు పెట్టి, ఈ రివాల్వర్‌కి మాత్రం ప్రత్యేకంగా ఆరు గొట్టాలకీ ఆరు బొట్లు పెట్టారట. అందులోనూ ఆయన చేతికి పొదుపు తెలీదు. పల్చటి గంధం కారి లోపలికి దిగింది. పోసిన నూనెకి కుంకుమ కూడా కలిసి ముద్దయి కూర్చుంది.

వేడి సబ్బునీళ్లతో కడిగితే పోయేదే. చెప్పడమే కష్టం. వేరే మతం ఆయన వస్తువు, అడక్కుండా పెట్టిన బొట్టు. కడిగేసి ఊరుకోండి, ఎవరికి తెలుస్తుందని నేనే అన్నాను.

"రేపు చూపు పోయాక ఆయన నా మాట నమ్ముకునే బతకాలి. ఇవాళే దాస్తే ఎలాగే?" అన్నారు.

వెళ్లి చెప్పారు. పెద్దాయన రివాల్వర్ చేతిలోకి తీసుకుని ఆరు గొట్టాలూ ఒక్కొక్కటే వేలితో తడిమారట. ఇక ఉద్యోగం ఖలాస్ అనుకున్నారు మా ఆయన. అప్పుడు పెద్దాయన తనకొచ్చిన హిందీలో అన్నారట: "దువా చెయ్యి బేటా. దాని చెవుల్లో మాత్రం పొయ్యకు."

ఆ వారం రేంజిలో ఆరూ పేలాయి. గురి ఎంత తప్పిందో మా ఆయన ఇప్పటికీ బయటపెట్టరు. పొగలో పెద్దాయన పసివాడిలా నవ్వారని మాత్రం చెప్తారు. తన కళ్లలో నీళ్లు ఆ పొగవల్లేనంటారు. నేనూ నమ్మినట్టే ఊరుకుంటాను. మా ఆయన మీద నాకు అంత ప్రేమ మునుపెప్పుడూ కలగలేదు.

ఇప్పుడు పెద్దాయనకి చూపు లేదు. బొట్టు కూడా చెక్క పిడి మీదికి మారింది, ఒక్కటే. దసరా మర్నాడు రివాల్వర్ చేతికిమ్మని, బొటనవేలితో పిడి తడిమి, బొట్టు ఉందని తేలాక తిరిగిచ్చేస్తారు. ఏడాది గడిచిందని మాకు క్యాలెండరు చూస్తే తెలీదు. ఆ పిడి మీద పాత గంధం గీకి కొత్తది పెట్టేటప్పుడే తెలుస్తుంది.