అడవిపంది కళ్ళు

డెబ్బైల చివర్లో నేను నర్సీపట్నంలో డ్రాయింగు మాస్టారిని. అంటే ఏ మాస్టారైనా బడికి రాకపోతే ఆ క్లాసుకి కాపలా కూర్చునేవాణ్ణి. అలాంటి నన్ను ఊళ్ళో పేరున్న ప్లీడరుగారు పిలిపించి, తాను అడవిపందిని వేటాడుతున్నట్టు హాల్లోకి పెద్ద ఆయిల్ పెయింటింగు వెయ్యమన్నారు. వచ్చేపోయేవాళ్ళందరూ చూసే గోడ మీద నా సంతకం ఉంటుందని తెగ పొంగిపోయాను.

ఆ వేటకి ప్లీడరుగారు తప్ప వేరే సాక్షులు లేరు. ఆయనకి కుక్కలు మాత్రం రెండున్నాయి. దీపావళికి మంచం కింద దూరితే కార్తీక పౌర్ణమికి గానీ బయటికి రావు.

"కుక్కల నడుములు సన్నం చెయ్యండి మాస్టారూ. చెవులు కూడా కొంచెం నిలబెట్టండి," అన్నారాయన.

ఒక విదేశీ క్యాలెండరులో వేటకుక్కల్ని చూసి నిలబెట్టాను.

పందికి క్యాలెండరు అక్కర్లేకపోయింది. నాతవరం దగ్గర చెరకు తోటలో కుక్కలు చుట్టుముట్టిన అడవిపందిని ఒకసారి దగ్గర్నుంచి చూశాను. దాని కళ్ళలోని భయం చాలా రోజులు నన్ను వదల్లేదు. ఆ కళ్ళు వెయ్యడానికే వారం పట్టింది. ఆ బొమ్మ మొత్తంలో నేను కళ్ళారా చూసి వేసినవి అవే.

బొమ్మ గోడకెక్కాక ప్లీడరుగారి అమ్మగారు కళ్ళజోడు పెట్టుకుని వచ్చారు. వాళ్ళ ఇలవేల్పు సింహాచలం అప్పన్న. ఆయన వరాహ నరసింహస్వామి అన్న సంగతి వేటగాడికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

"ఒరే, ఇదేట్రా? అప్పన్నబాబు మీదకి కుక్కల్ని ఉసిగొల్పి తుపాకీ గురిపెడతావా? బేగి లెంపలేసుకో!"

కోర్టులో అందర్నీ హడలగొట్టే మనిషి అక్కడికక్కడే లెంపలేసుకున్నారు. బొమ్మ దింపేస్తారనుకున్నాను. దింపలేదు, దిద్దమన్నారు. ప్లీడరుగారి చేతుల్లో తుపాకీ చెరిపేసి నమస్కారం పెట్టించాను. కుక్కల నోళ్ళు మూసి బుద్ధిగా కూర్చోబెట్టాను. పందికి నామం దిద్దాను. అంతవరకూ లోపల నవ్వుకుంటూనే ఉన్నాను.

పెద్దావిడ మళ్ళీ దగ్గరకొచ్చి చూశారు.

"కళ్ళు బాగోలేవు బాబూ. దేవుడికి బయమేటి? సల్లగా నవ్వుతున్నట్టు ఎయ్యి."

కుదరదని చెప్పవలసింది. నోటిదాకా వచ్చింది కూడా. ఇంతలో మూలనున్న నా సంతకం కనబడింది.

"అలాగేనండీ," అన్నాను.

వారం పట్టిన కళ్ళు పది నిమిషాల్లో నవ్వేశాయి. పెద్దావిడ మురిసిపోయి బొమ్మకి నాలుగు మూలలా పసుపు పూసి బొట్లు పెట్టారు. ఒక మూలనున్న నా సంతకం ఆ పసుపు కింద కనబడకుండా పోయింది. తుడవమని నేను అడగలేదు.