పసుపు గడుల పలక

డెబ్భైల చివర్లో మా మామగారికి వరంగల్ బజారులో బట్టల దుకాణం ఉండేది. ఆదివారం మధ్యాహ్నాలు ఇంటి వసారాలో చదరంగం పరిచేవారు. ఎదుట కూర్చునేవాళ్లు దొరక్క, కొత్త కోడలినైన నన్నే కూర్చోబెట్టారు.

ఆయన పలక పాతది. చెక్క మీద గీతలే తప్ప గడులకు రంగుల్లేవు. పావును ఎత్తరు, చూపుడువేలితో జరుపుతారు. ఒంటె ఐమూలగా బయల్దేరి, దారిలో ఎక్కడో పక్క వరుసలోకి జారి, నా మంత్రి మీద తేలేది. దొంగాట అననుగానీ, జారినట్టు ఆయన ఏనాడూ ఒప్పుకోలేదు.

నేను ఏడో తరగతితో బడి మానినదాన్ని. ఆ పైన చదువంతా హనుమకొండ లైబ్రరీయే చెప్పింది. అక్కడి పుస్తకంలో గడులు ఒకటి నలుపు, ఒకటి తెలుపు. ఏ రంగులో పుట్టిన ఒంటె ఆ రంగులోనే చావాలి. ఆ మాట చెబితే మామగారికి కోపం వచ్చింది. వచ్చే ఆదివారం ఓడితే లైబ్రరీ మానేయాలన్నారు. సరేనన్నాను.

శనివారం పసుపు కలిపి గడి విడిచి గడికి పూశాను. మర్నాడు ఆయన తడిగుడ్డతో ఎంత తుడిపించినా పోలేదు, చెక్కలోకి దిగిపోయింది. అత్తయ్య వంటింట్లోంచే అంది:

"కూరలకు పసుపు లేదుగని, పలకకు పెండ్లి చేసింది."

ఆట సగంలో ఆయన ఒంటె పసుపు గడి నుంచి కదిలి, రంగులేని గడిలో ఆగి, నా రాజుకు షా, అంటే చెక్, చెప్పింది.

"అది పసుపు గడిల కెల్లి వచ్చింది మామా. ఉత్త గడిల ఆగొద్దు. తీసిన కాడ్నే పెట్టుండ్రి."

"ఇల్లెవలిది?"

"ఇల్లు మీదే. ఒంటె పోయే తొవ్వ మీది కాదు."

ఆయన వేలు ఒంటె మీదే ఉంది. వచ్చిన దారిని కళ్లతో వెనక్కి కొలుచుకున్నారు. తెలిసింది, ముఖంలో కనబడింది. అయినా వెనక్కి జరపలేదు. లేచి చెప్పులు తొడుక్కున్నారు.

"ఆట అయిపోయింది. నీ లైబ్రరీ గూడ అయిపోయింది."

"ఆట అయిపోలే మామా. నేను ఓడలే."

మర్నాడు గిన్నెలు కడిగి, లైబ్రరీలో ఇచ్చి వేరేవి తెచ్చుకోవాల్సిన పుస్తకాలు తీసుకుని బయల్దేరాను. బస్సుకు వెనక సందులోంచి కూడా దారి ఉంది. నేను దుకాణం ముందు నుంచే నడిచాను. ఆయన ఎవరికో చీరలు విప్పి చూపిస్తూ తలెత్తారు. పుస్తకాలను కొంగు చాటుకు తీసుకోలేదు.