ఆవు ఎక్కని టేకు నేల

పోయిన గురువారం మా కొత్తింట్లో ఏం జరిగిందో ఈపాటికి మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. నూజివీడులో కాయ మాగడానికి నాలుగు రోజులు పడుతుంది గానీ, కబురుకి ఒక పూట చాలు. చెప్పినవాళ్ళు తలా కాస్త కలిపే ఉంటారు కాబట్టి, అసలు సంగతి నా నోటే వినండి.

స్వరాజ్యం వచ్చిన ఏడు పునాది తీశాం. మొన్న వేసవి మొదట్లో కప్పు పడింది. ఇక మిగిలింది నేల. మా ఆవిడ రత్నమ్మకేమో టైల్సు కావాలి. బెజవాడలో వాళ్ళ అన్నయ్యగారింట్లో చూసొచ్చింది. తెల్ల బిళ్ళ, మధ్యలో ఎర్ర తామరపువ్వు. బకెట్టు నీళ్ళు కొట్టి తుడిస్తే చాలని, కాలికి చల్లగా ఉంటుందని, ముగ్గు ఎంత బాగా నిలుస్తుందోనని మూడేళ్ళుగా చెబుతోంది. నిజం చెప్పాలంటే ఈ ఇంటి విషయంలో ఆవిడ నన్ను అడిగింది అదొక్కటే.

నాకు మాత్రం చెక్క మీద మనసు పడింది. అందులో నా తప్పు కొంత, నా వ్యాపారం తప్పు కొంత. ముప్ఫై ఏళ్ళుగా మామిడికాయలు మాగేస్తున్నవాణ్ణి. బండల మీద వేసిన కాయ అడుగువైపు నల్లబడుతుంది. చెక్క మీద వేసింది అన్నివైపులా సమంగా రంగు తిరుగుతుంది. చిన్నరసాల దగ్గర్నుంచి బంగినపల్లి దాకా నేను కళ్ళారా చూసిన సంగతిది. కాయకు మంచిదైంది మనిషికి చెడ్డదెలా అవుతుందని రత్నమ్మను అడిగాను.

"నేను కాయను కాదండీ," అంది.

వెంటనే సిమెంటు వంక పెట్టాను. టైల్సు వేయాలంటే సిమెంటు కావాలి. సిమెంటు కావాలంటే పర్మిట్ కావాలి. పర్మిట్ కావాలంటే ఆఫీసులో గుమాస్తాగారు కుర్చీలో ఉండాలి. నేను వెళ్ళినప్పుడల్లా ఆయన ఉండేవాడు కాదు. ఆయన ఉండని వేళ చూసుకునే నేను వెళ్ళేవాణ్ణని కొందరంటారు. సరే, అననివ్వండి.

రాజమండ్రి నుంచి టేకు పలకలు దిగాయి. రెడ్డిగూడెం నుంచి వడ్రంగి యోహాను మేస్త్రి వచ్చాడు. చెదలు పట్టకుండా అడుగున జానెడు ఖాళీ వదిలి, దుంగల మీద పలకలు పరవాలన్నాడు. పరిచాడు, పాలిష్ పట్టాడు. నడుస్తుంటే టకటకమని ఎంత దర్జాగా ఉండేదో! ఆ చప్పుడు కోసం పనిలేకపోయినా హాల్లో అటూ ఇటూ తిరిగేవాణ్ణి.

రత్నమ్మ గొడవ పెట్టుకోలేదు. ఒక్క షరతు పెట్టింది. గృహప్రవేశం ఏ ఆటంకం లేకుండా జరిగితే చెక్కలే ఉంచుకుందామంది. ఏ కాస్త తేడా వచ్చినా అవి తీయించి టైల్సు వేయించాలంది. సరేనని మాటిచ్చేశాను. గృహప్రవేశానికి ఏం తేడా వస్తుంది? శాస్త్రిగారు వస్తారు, పాలు పొంగుతాయి, చుట్టాలు భోంచేసి వెళతారు. ఇంతవరకే ఆలోచించాను. ఆవు సంగతి నాకు తట్టనే లేదు.

మన పద్ధతి మీకు తెలిసిందేగా. కొత్తింట్లోకి ముందు ఆవు వెళ్ళాలి, దాని వెనక దంపతులు. చాట్రాయి నుంచి నాగయ్య తన ఆవును తోలుకొచ్చాడు. మంచి నెమ్మదస్తురాలు, ఇప్పటికి ఎన్నో ఇళ్ళు తొక్కిందట. పసుపూ కుంకుమా పెట్టి మెడలో దండ వేశాం. శాస్త్రిగారు జేబుగడియారం చూసి, ముహూర్తానికి పావుగంట ఉంది, తోలమన్నారు. ఆవు బుద్ధిగా మెట్లెక్కింది. గడప మీంచి ముందుకాలు పలక మీద పెట్టింది. టక్కుమంది. వెంటనే కాలు వెనక్కి తీసేసుకుంది.

అదిలించాం, బతిమాలాం, వెనక నుంచి తోశాం. కదల్లేదు.

"కింద డొల్లని కనిపెట్టేసిందండి శెట్టిగారూ," అన్నాడు నాగయ్య. "గొడ్డుకి నమ్మకం కుదరాలండి."

షరతు గుర్తుందా అన్నట్టు రత్నమ్మ నా వంక చూసింది.

అప్పుడు నాకో ఉపాయం తోచింది. కాయలు మాగేసే వరిగడ్డి పక్కనే గోదాము నిండా ఉంది. రెండు మోపులు తెప్పించి హాలంతా పరిపించాను. చెక్క కనపడదు, చప్పుడూ రాదు. ఆవు చాలా సంతోషించింది. గడప ఇవతలే నిలబడి, మెడ చాచి, అందినంత మేరా గడ్డి తినేసింది. టేకు మళ్ళీ బయటపడింది.

పోనీ అని మిగిలిన గడ్డి ఊడ్పించేసి, మంచి రసాలు తెప్పించి, గడప నుంచి దేవుడి గది దాకా వరసగా పెట్టించాను. మొదటి రెండూ తింది. మూడోది అందలేదు. అది కూడా ఇస్తానేమోనని నా మొహంలోకి చూస్తూ నిలబడింది. శాస్త్రిగారు ఇంక అయిదు నిమిషాలే అన్నారు.

ముందు ఎవరైనా నడిచి చూపిస్తే వస్తుందేమోనని నాగయ్య అన్నాడు. నడిచాను. నేను వేసిన ప్రతి అడుగుకీ టక్కుమంది, ప్రతి టక్కుకీ ఆవు ఒక అడుగు వెనక్కి వేసింది. నా నేల, నా మాట, రెండూ పోయేలా ఉన్నాయి. ఆ కంగారులో బుర్ర బాగా పనిచేసిందనుకున్నాను. రెండు కాళ్ళ మీద నడిస్తే బరువంతా ఒక్కచోట పడుతుంది కదా! చేతులు కూడా ఆనిస్తే బరువు పంచుకుపోతుంది, చప్పుడుండదు. పైగా తన ఎత్తులోనే ఒకరు వెళుతున్నారని ఆవుకి ధైర్యం వస్తుంది.

పట్టుపంచె ఎగ్గట్టి చేతులూ మోకాళ్ళూ నేలకానించాను. ఒక చేతిలో రసం పట్టుకుని, "రా తల్లీ, రా," అంటూ పాక్కుంటూ బయల్దేరాను. చప్పుడు కాలేదు. నా లెక్క కుదిరిందన్న సంబరంలో దేవుడి గది దాకా వెళ్ళిపోయి, అప్పుడు వెనక్కి చూశాను.

ఆవు బయటే ఉంది. మెట్ల మీద రాలిన గడ్డి ఏరుకుంటోంది. లోపల ఉన్నది నేనొక్కణ్ణే. గుమ్మంలో యాభైమంది చుట్టాలు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

శాస్త్రిగారు గడియారం మూత టప్పున మూశారు. "ఇదేనండీ ముహూర్తం, దాటితే మళ్ళీ దొరకదు. నాలుగుకాళ్ళ ప్రవేశం అయిందనుకుందాం. మేళం కానివ్వండి," అన్నారు.

సన్నాయి మోగింది. దేవుడి పటం పట్టుకుని రత్నమ్మ నా వెనకే శాస్త్రోక్తంగా నడిచొచ్చింది. పక్కకొచ్చాక వంగి నెమ్మదిగా చెప్పింది. "ఇక లేవండి. సిమెంటు పర్మిట్ అన్నయ్య పోయిన నెలలోనే తెచ్చి ఉంచాడు."

సిగ్గుతో చచ్చిపోయాను, దాచడమెందుకు. యోహాను మేస్త్రి తను వేసిన పలకలే ఇప్పుడు ఊడదీస్తున్నాడు. తామరపువ్వుల బిళ్ళలు సోమవారానికి దిగుతాయి. ఇక ఆ నవ్వులాట అంతటితో పోయిందనుకున్నాను.

నిన్న ఉంగుటూరు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. మామిడికాయల బేరమేమోనని కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాను. వచ్చే వారం వాళ్ళ గృహప్రవేశమట. వేళకి ఆవు దొరకడం లేదట. ఏం చేయమంటారని శాస్త్రిగారిని అడిగితే, నా పేరు చెప్పి పంపించారట.