నవల మీద పంచాయతీ

ఈ పొద్దు నంద్యాలలో మా డిగ్రీ పిల్లోళ్ల వ్యాసాలు దిద్దినా. మొగుడు పెండ్లాన్ని ఇంట్లోంచి పంపించేసే ఒక పాత నవలను విశ్లేషించమంటే, క్లాసు క్లాసంతా గైడు చూసి "ఈ నవల సమాజానికి అద్దం" అని రాసినారు. ఆళ్లగడ్డ నుంచి వచ్చే ఎస్తేరు మాత్రం "తప్పు మొగునిదే, పెండ్లాన్ని మర్యాదగా పిల్చుకోని రావాల" అని తీర్పు రాసింది.

"విశ్లేషణ రాయమంటే పంచాయతీ చేసినావేందమ్మా?" అని ఆ పిల్లను పిల్చి అడిగినా.

"చేసింది నేను గాదు సార్, రచయిత. అదీ మొగుని మాట ఒకటే విని. ఇల్లిడిసి పొమ్మన్నప్పుడు గూడా ఆయమ్మను ఎవురూ ఒక్క మాట అడగల్యా."

ఈ పాయింటు గైడులో లేదు. మార్కులు ఎన్నేయాలో మీరే చెప్పండప్పా. అద్దం అద్దం అని అంతమంది రాసినారు గానీ, అందులో ఆయమ్మ కనపడలేదని చూసింది ఈ పిల్లొక్కతే.