పిన్నికి నేను చేసిన సేవ

మా అమ్మాయి బాపట్ల కాలేజీలో ఎకనామిక్స్ చెబుతుంది. మొన్న తెనాలి వచ్చినప్పుడు, నేను కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతుంటే పాఠం మొదలుపెట్టింది. దేశం ఆదాయం లెక్కగట్టేటప్పుడు బ్యాంకు సేవలకు విలువ ఎలా కడతారో చెబుతుందట. ముప్పై ఏళ్లు బ్యాంకులో చేసినదాన్ని, నాకు చెప్పొచ్చింది!

"బిల్లు వేయని సేవకు విలువెంతో చెప్పు" అంది. జవాబూ తనే చెప్పింది.

"మన డబ్బుకు బయట రావాల్సిన వడ్డీ ఒకటుంటుంది కదా. పొదుపు ఖాతాలో అంతకన్నా తక్కువిస్తారు. ఆ తగ్గించినదే బ్యాంకు మనకు చేసిన సేవ. లెక్కల్లో అలాగే రాస్తారు."

నా చెయ్యి ఆగిపోయింది. "ఏంటమ్మా?" అంది. తేలు కుట్టిన దొంగలా మళ్లీ వంకాయల మీద పడ్డాను.

రేపల్లె బ్రాంచిలో ఉండగా చేపలమ్మే ఒకామె వచ్చేది. పిన్నీ అని పిలిచేదాన్ని. ఒకరోజు, మొగుడికి కొత్త వల కొనాలని కూడబెట్టిన డబ్బు తెచ్చింది. "మూడేళ్లు దీని జోలికి రానమ్మా. ఎక్కువ వడ్డీ వచ్చేదాంట్లో వెయ్యండి" అంది. ఫిక్సెడ్ డిపాజిట్ అంటే ఫారం నేనే నింపాలి, వేలిముద్ర వేయించాలి, మేనేజరు సంతకానికి నిలబడాలి. గడియారం చూశాను. తెనాలి బండికి ఇరవై నిమిషాలుంది.

"పొదుపు ఖాతాలోనే ఉంచు పిన్నీ, అదే మంచిది" అన్నాను.

"మీరు చెబితే ఇంకేముందమ్మా" అని వెళ్లిపోయింది. మర్నాడు ఫారం నింపుదామనుకున్నాను. ఎక్కడ నింపానూ! మూడేళ్లకు ఆ డబ్బు కొత్త వలకు చాలలేదు. ఎవరో వాడి వదిలేసిన వల కొనుక్కున్నారు. అయినా ఆమె నాకు పొట్లం నిండా ఎండురొయ్యలు తెచ్చి, "మీ సేవ మరిచిపోనమ్మా" అంది. సిగ్గులేకుండా తీసుకున్నాను, కూర కూడా వండుకున్నాను.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. అమ్మాయి పాఠం విన్న మర్నాడే రేపల్లె వెళ్లాను. పిన్ని బాగా పెద్దదైపోయింది, అయినా చేపల బజారులో గంప ముందే ఉంది. పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. బండి పోతుందని ఫారం రాయలేదని, ఆమె వడ్డీ పోగొట్టింది నేనేనని. తిట్టినా బాగుండేది.

గంపలో చేపల మీద నీళ్లు చల్లింది. "పోనీలెండమ్మా" అంది. "ఇంతకీ ఆ రోజు బండి అందిందా?"

"అందింది పిన్నీ" అన్నాను. కిటికీ పక్కన సీటు కూడా దొరికింది. ఆ మాట మాత్రం చెప్పలేకపోయాను.